వెండి నానో రేణువులు, ఎదుగుతున్న మెదడు కణాలు: ఎంటీటీ ఒక్కటే చూసి సురక్షితం అనవచ్చా?

విశాఖ_పరిశోధక (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో జీవశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. విషయంలోకి వెళ్లే ముందు పదాల గురించి ఒక మాట. మన భాషలో సెల్‌నూ కణమనే అంటాం, పార్టికల్‌నూ కణమనే అంటాం. "నానోకణాలు నాడీకణాల్లో చేరాయి" అని రాస్తే చదివేవారు రెండుసార్లు ఆగి చూసుకోవలసి వస్తుంది. అందుకని జీవకణాన్ని కణం అనీ, లోహపు తునకను రేణువు అనీ రాస్తాను. మీరూ ఈ పద్ధతే పాటిస్తే తర్వాత చదివేవారికి సులువుగా ఉంటుంది.

నా ప్రయోగం ఇది. సిట్రేట్ పూత ఉన్న 20 నానోమీటర్ల వెండి రేణువులను పీసీ12 అనే, ల్యాబులో పెంచే ఎలుక కణాల మీద 24 గంటలు ఉంచి, ఎంటీటీ అనే రంగు పరీక్షతో ఎన్ని కణాలు బతికి ఉన్నాయో చూశాను. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల దాకా చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. పైగా అన్నిటికంటే తక్కువ గాఢత వద్ద రీడింగ్ కంట్రోల్ (రేణువులు ఇవ్వని కణాలు) కంటే కొద్దిగా పెరిగింది. ఈ మోతాదుల్లో రేణువులు సురక్షితమని రాయవచ్చని మా గైడ్ గారి అభిప్రాయం. నాకు మాత్రం మనసొప్పడం లేదు. నా పరిశోధన శీర్షికలో "ఎదుగుతున్న మెదడు" అనే మాట ఉంది, నేను కొలిచింది మాత్రం కణం బతికి ఉందా లేదా అన్నదే. ఈ రెంటి మధ్య దూరాన్ని ఎలా పూడ్చాలో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

మెదడుబడి

మీ అనుమానం సరైనదే, మీ శీర్షికలోనే దానికి జవాబు ఉంది. పెద్దవారి మెదడులోని నాడీకణం బతికి ఉంటే దాని పని చాలావరకు జరుగుతోందని అనుకోవచ్చు. గర్భస్థ శిశువు మెదడులో అలా అనుకోవడానికి వీల్లేదు. అక్కడ ప్రతి కణానికీ ఒక క్రమం ఉంది. ముందు తగినన్ని సార్లు విభజన చెందాలి, సరైన సమయానికి విభజన ఆపాలి, తన చోటికి వలస వెళ్లాలి, కొమ్మలు సాచాలి, ఏ రసాయనంతో సంకేతాలు పంపుతుందో తేల్చుకోవాలి, పొరుగు కణాలతో సంకేతాలు మార్చుకునే సంధులు, అంటే సినాప్స్‌లు కట్టాలి. అదనంగా పుట్టిన కణాలు కొన్ని సమయానికి చనిపోవడం కూడా ఈ క్రమంలో భాగమే. వీటిలో ఏ మెట్టు తప్పినా కణం బతికే ఉంటుంది, ఎంటీటీ రీడింగ్ కూడా బాగానే వస్తుంది.

మీరు తప్పక చదవవలసిన పని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం బృందానిది, 2010లో వెలువడింది. వారు పీసీ12 కణాలను విభజన దశలో ఒకసారి, నాడీకణాలుగా మారే దశలో మరొకసారి వెండి అయాన్లకు గురిచేశారు. 10 మైక్రోమోలార్ వెండి, అంటే మిల్లీలీటరుకు సుమారు 1.1 మైక్రోగ్రాము, విభజన దశలో డీఎన్‌ఏ తయారీని అణచివేసింది. పోల్చి చూడడానికి పెట్టిన క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు 50 మైక్రోమోలార్ వద్ద కూడా అంత అణచలేదు. మారే దశలో అదే వెండి, కణాలు బతికే శాతం తగ్గకుండానే కొమ్మలు సాచడాన్ని దెబ్బతీసింది, అసిటైల్‌కోలిన్ వైపు వెళ్లవలసిన కణాలను డోపమిన్ వైపు మళ్లించింది.

మీకు ఇంకా దగ్గరగా ఉన్న ఫలితం మరొకటి ఉంది. గాఢతను 1 మైక్రోమోలార్‌కు తగ్గించినప్పుడు, మారే దశలోని కణాల సంఖ్య పెరిగింది. సహజంగా చనిపోవలసిన కణాలు చనిపోకుండా ఆగిపోయాయి, అదే సమయంలో రెండు రకాల నాడీకణాలుగా మారడమూ కుంటుపడింది. మీ ప్లేటులో తక్కువ గాఢత వద్ద కనిపించిన పెరుగుదల ఇదేనని నేను అనడం లేదు. మీ కణాలు మారే దశలో లేవు, పైగా ఎంటీటీకి తనవైన లోపాలున్నాయి. కానీ సంఖ్య పెరగడాన్ని ఆరోగ్యంగా చదవకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వెండి ఒక్కటే కాదు. 2007లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఐరన్ ఆక్సైడ్ రేణువులను ఇవే కణాలకు ఇచ్చి, నాడీకణాలుగా మారమని ప్రేరేపించే వృద్ధికారకమైన ఎన్‌జీఎఫ్ పెట్టినప్పుడు కొమ్మలు ఎలా వస్తాయో చూశారు. రేణువుల మోతాదు పెరిగే కొద్దీ కొమ్మలు సాచే శక్తి తగ్గింది. కాబట్టి మీ తర్వాతి ప్రయోగం ఎన్‌జీఎఫ్‌తోనే మొదలుకావాలి.

లోహరేణువు

నేను పదార్థ రసాయనశాస్త్రం వైపు నుంచి వచ్చినవాణ్ణి, అందువల్ల నా ప్రశ్న ఒక మెట్టు వెనక ఉంటుంది. సీసా మీద 20 నానోమీటర్లు అని రాసి ఉంది. మీ వెల్‌లో (ప్లేటులోని గుంటలో) కణాన్ని తాకిన వస్తువు పరిమాణం ఎంత?

సిట్రేట్ పూత రేణువులను విద్యుదావేశంతోనే విడివిడిగా ఉంచుతుంది. నీటిలో అది పనిచేస్తుంది. మీరు కణాలను పెంచడానికి వాడే ద్రవం ఆర్‌పీఎంఐ 1640 మీడియం అయితే అందులో లీటరుకు 6 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంత ఉప్పు తగిలేసరికి ఆవేశం మరుగునపడి, వేడినీళ్లలో ఒక్కసారిగా పోసిన పిండిలా రేణువులు ఉండకడతాయి. అందులో సీరమ్ (రక్తం నుంచి తీసిన ద్రవం) ముందే ఉంటే దానిలోని ప్రోటీన్లు రేణువుల చుట్టూ పట్టి ఉండకట్టడాన్ని కొంత ఆపుతాయి. పీవీపీ అనే పాలిమర్ పూత అడ్డుగోడలా పనిచేస్తుంది కాబట్టి ఉప్పుకు అంతగా లొంగదు. మీడియంలో కలిపిన వెంటనే, 24 గంటల తర్వాత, రెండుసార్లూ, చెదిరే కాంతిని వాడే డీఎల్‌ఎస్‌తో పరిమాణం కొలవండి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన పొడి నమూనా చిత్రం మాత్రమే పెట్టి ఊరుకుంటే ఈ విషయం తెలియదు.

రెండో సంగతి మోతాదు. మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అనే లెక్క కరిగే మందులకు సరిపోతుంది. రేణువులు కరిగిన మందులా మీడియం అంతటా సమంగా పరచుకుని ఉండవు. చిన్నవి మెల్లగా వ్యాపిస్తాయి, ఉండకట్టినవి అడుగుకు దిగుతాయి. 96 వెల్స్ ప్లేటులో ఒక వెల్ అడుగు వైశాల్యం సుమారు 0.32 చదరపు సెంటీమీటర్లు. మీ 10 మైక్రోగ్రాముల గాఢతలో 100 మైక్రోలీటర్లు పోస్తే 1 మైక్రోగ్రాము వెండి వెల్‌లో ఉంటుంది. అంతా దిగితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 3.1 మైక్రోగ్రాములు. అదే గాఢతతో 6 వెల్స్ ప్లేటులో 2 మిల్లీలీటర్లు పోస్తే చదరపు సెంటీమీటరుకు 2.1 మాత్రమే. ఎంటీటీ ఒక ప్లేటులో, కొమ్మల కొలత ఇంకో ప్లేటులో చేసి "10 మైక్రోగ్రాముల వద్ద" అని రెంటినీ పోల్చేవారు చాలామంది ఉన్నారు, వారు పోల్చేది ఒకే మోతాదును కాదు. అడుగుకు ఎంత దిగుతుందో అంచనా వేసే గణిత నమూనాలు 2010 నాటికే ప్రచురితమయ్యాయి, వాటిని వాడుకోవచ్చు.

బరువు ఒకటే అయినా పరిమాణం మారితే కథ మారుతుంది. 1 మైక్రోగ్రాము వెండిని 20 నానోమీటర్ల గోళాలుగా చేస్తే సుమారు 2,300 కోట్ల రేణువులు వస్తాయి. 100 నానోమీటర్ల గోళాలుగా చేస్తే వాటి సంఖ్య అందులో 125వ వంతు, ఉపరితల వైశాల్యం ఐదో వంతు. పరిమాణాలను పోల్చే ప్రయోగం పెట్టుకుంటే బరువు, సంఖ్య, వైశాల్యం మూడింటినీ రాయండి.

మూడోది అయాన్లు. వెండి రేణువు ఆక్సిజన్ తగిలి మెల్లగా కరిగి వెండి అయాన్లను వదులుతుంది. మీరు చూసిన ప్రభావం రేణువుదా, అయాన్‌దా? దీనికి సిల్వర్ నైట్రేట్ కంట్రోల్ తప్పనిసరి. అది కూడా మొత్తం వెండికి సమానంగా కాదు, మీ మీడియంలో నిజంగా కరిగిన వెండికి సమానంగా పెట్టాలి.

విశాఖ_పరిశోధక

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను చేసినదీ చేయనిదీ ఉన్నదున్నట్టు చెబుతాను. రేణువులు కొన్నవి, సీసాలోంచి తీసి నేరుగా మీడియంలో కలిపాను. డీఎల్‌ఎస్ నీటిలోనే చేయించాను. సిల్వర్ నైట్రేట్ కంట్రోల్ పెట్టలేదు. కణాలు పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించినవి. మీడియం ఆర్‌పీఎంఐ, అందులో 10 శాతం గుర్రపు సీరమ్, 5 శాతం దూడ పిండపు సీరమ్ ఉన్నాయి. ఎన్‌జీఎఫ్ పెట్టేటప్పుడు గుర్రపు సీరమ్‌ను 1 శాతానికి తగ్గించి, మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల ఎన్‌జీఎఫ్ ఇవ్వాలని మా ప్రోటోకాల్‌లో ఉంది.

లోహరేణువు

మీ చివరి వాక్యంలో పెద్ద చిక్కు ఉంది. విభజన దశలో 15 శాతం సీరమ్, మారే దశలో 1 శాతం. సీరమ్ ప్రోటీన్లు వెండి అయాన్లను పట్టి ఉంచుతాయి, రేణువుల చుట్టూ పొరగానూ పడతాయి. 15 శాతం నుంచి 1 శాతానికి దిగితే కణానికి అందే వెండి, రేణువు పై పొర, ఉండకట్టే తీరు అన్నీ మారిపోతాయి. "మారే దశలోని కణాలు వెండికి ఎక్కువ లొంగాయి" అని రేపు మీరు రాస్తే, అది కణం దశ వల్లనా, సీరమ్ తగ్గడం వల్లనా అని పరీక్షకులు అడుగుతారు, అడగాలి కూడా. విభజన దశలోని కణాలకు రేణువులు ఇచ్చేటప్పుడు కూడా 1 శాతం సీరమ్‌లోనే కొద్ది గంటలు ఉంచే ఏర్పాటు ఒకటి సమాంతరంగా పెట్టండి.

మెదడుబడి

ఈ సీరమ్ సంగతి నేను గమనించి ఉండవలసింది. లోహరేణువు గారు చెప్పినది నిజం. డ్యూక్ బృందమే 2011లో రేణువుల మీద చేసిన రెండో అధ్యయనంలో 10, 50 నానోమీటర్ల పరిమాణాలను, సిట్రేట్, పీవీపీ పూతలను, వెండి లేని సిలికా రేణువులను పక్కపక్కన పెట్టింది. ప్రభావాలు పరిమాణాన్ని బట్టీ పూతను బట్టీ వేరువేరుగా వచ్చాయి, కేవలం వెండి అయాన్ విడుదలతో అన్నింటినీ వివరించడం కుదరలేదు. పూత తగ్గితే విషం, పెరిగితే క్షేమం అనే తేలిక సూత్రం ఇక్కడ పనికిరాదు.

లెక్కలమనిషి

గణాంకాల వైపు నుంచి క్లుప్తంగా చెబుతాను. ఒకే రోజు, ఒకే కణాల తరం నుంచి తీసి నింపిన ఎనిమిది వెల్స్ ఎనిమిది ప్రయోగాలు కావు, ఒక ప్రయోగంలో ఎనిమిది కొలతలు. వేరువేరు రోజుల్లో, వేరు పాసేజీల (తరాల) కణాలతో, రేణువులను కొత్తగా కలిపి చేసిన వాటినే ఎన్ (ప్రయోగాల సంఖ్య) అని లెక్కపెట్టాలి. రేపు మీరు ఎలుక పిండాల మెదడు నుంచి కణాలు తీసినా ఇదే వర్తిస్తుంది. ఒకే ఈతలోని పిల్లలన్నీ ఒక తల్లి గర్భంలో పెరిగినవే కాబట్టి, ఈతను ఒక యూనిట్‌గా లెక్కించాలి గానీ పిల్లను కాదు. కొమ్మల పొడవు కొలిచేవారికి ఏ చిత్రం ఏ వెల్‌దో తెలియకుండా సంకేత సంఖ్యలు వేయండి. ఈ ఒక్క జాగ్రత్త లేక పక్కన పెట్టవలసి వచ్చిన ఫలితాలు నా దగ్గరికి చాలా వచ్చాయి.

కర్నూలు_తండ్రి

నేను శాస్త్రవేత్తను కాను, ఈ విషయం మీద ఆసక్తితో మొదటి నుంచీ చదువుతున్నాను. మా ఇద్దరు పిల్లలకు ప్రతి నెలా పుష్యమి నక్షత్రం రోజున స్వర్ణప్రాశన చేయిస్తున్నాము. స్వర్ణ భస్మంలో ఉండేవి నానో పరిమాణపు బంగారు రేణువులేనని ఎక్కడో చదివాను. మీరు చెబుతున్న వెండి పరీక్షల ఫలితాలు దానికీ వర్తిస్తాయా? పిల్లల విషయం కాబట్టి అడుగుతున్నాను, చర్చను పక్కదారి పట్టిస్తే మన్నించండి.

పిల్లల_వైద్యుడు

పక్కదారి ఏమీ కాదండి, ఈ పరీక్షలన్నీ చేసేది ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడానికే. స్వర్ణ భస్మాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినవారు అందులో నానో పరిమాణపు బంగారు రేణువులు ఉన్నాయని రాసిన మాట నిజమే. కానీ వెండి ఫలితాన్ని బంగారానికి అంటగట్టకూడదు. వెండి కరిగి అయాన్లు వదిలినట్టు బంగారం వదలదు. మింగిన బంగారు రేణువుల్లో పేగు నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఎలుకలకు ఒకసారి మింగించి చూసినప్పుడు అది ఒక శాతం లోపే ఉంది, మిగతాది మలంతో బయటకు పోయింది. పళ్లెంలోని కణానికి ఈ పేగు అడ్డం ఉండదు, రేణువు నేరుగా మీద పడుతుంది. అందుకే కణాల పరీక్ష "ఇలా జరగగలదా" అన్నదానికి జవాబు చెబుతుంది, "మీ పాపకు జరిగిందా" అన్నదానికి చెప్పదు.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది బంగారం కాదు, మందు తయారీలో తోడుగా వచ్చే ఇతర లోహాలు. 2008లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనంలో, ఇంటర్నెట్ ద్వారా అమ్ముతున్న 193 ఆయుర్వేద ఔషధాలను పరీక్షించగా ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. సీసం విషయంలో ఎదిగే మెదడుకు సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు వాడుతున్న మందు ఎవరు తయారుచేశారో, భార లోహాల పరీక్ష నివేదిక ఉందో లేదో అడిగి తెలుసుకోండి. సందేహం తీరకపోతే పిల్లల రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించండి. అది మామూలు రక్త పరీక్షే.

రైన్_తీరం

నేను జర్మనీలో ఇదే రంగంలో పనిచేస్తున్న తెలుగువాణ్ణి. నా అభిప్రాయం కొంత కటువుగా అనిపించవచ్చు, అయినా చెబుతాను. పీసీ12 అనేది ఎలుక అడ్రినల్ గ్రంథిలోని కణితి నుంచి 1976లో తీసిన కణాల వరుస. అది కణితి, పైగా మెదడుది కాదు, మనిషిది అసలే కాదు. మనిషి మెదడు ఎదుగుదల గురించి 2020 దాటాక కూడా దానితోనే మాట్లాడడం నాకు సమ్మతం కాదు.

ఈ రంగం ఎటు వెళ్తోందో చూడండి. ఎదిగే మెదడు మీద విషప్రభావాన్ని జంతువుల్లో చూసే ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) మార్గదర్శకం 426 2007లో వచ్చింది. గర్భిణీ ఎలుకలకు పదార్థం ఇచ్చి, పుట్టిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించాలి. ఒక్క పదార్థానికే వందల పిల్లలు, ఎంతో కాలం, ఎంతో డబ్బు. అందుకే చాలా రసాయనాలు ఈ పరీక్షకు నోచుకోనేలేదు. దీనికి తోడుగా కణాల పరీక్షల సముదాయం ఒకటి రూపొందించి, వాటి ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే 377వ పత్రాన్ని ఓఈసీడీ 2023లో విడుదల చేసింది. అందులో ఒక్క పరీక్ష మీద ఆధారపడే పద్ధతి లేదు. విభజన, వలస, నాడీకణాలుగా మారడం, కొమ్మలు, సినాప్స్‌లు, కణాల వల విద్యుత్ సంకేతాలు ఒక్కొక్కదానికీ వేరు పరీక్ష ఉంది. వాటిలో మేము ఎక్కువగా వాడేది న్యూరోస్ఫియర్ పద్ధతి. మనిషి నాడీ పూర్వగామి కణాలు చిన్న బంతులుగా తేలుతూ పెరుగుతాయి. వాటిని పూత పూసిన ప్లేటు మీద పెడితే కణాలు బంతి నుంచి బయటికి సూర్యకిరణాల్లా వలస వెళ్తాయి, వెళ్తూ వెళ్తూ నాడీకణాలుగానూ వాటికి ఆసరాగా ఉండే గ్లియా కణాలుగానూ మారతాయి. ఒకే వెల్‌లో వలస దూరాన్నీ, నాడీకణాల శాతాన్నీ, కణాల క్షేమాన్నీ కొలవవచ్చు. మిగతా రెండూ తగ్గి క్షేమం మాత్రం తగ్గకపోతే, అది ఎదుగుదలకే తగిలిన దెబ్బ అని ధైర్యంగా చెప్పవచ్చు.

నానో రేణువుల విషయంలో మాత్రం ఈ కల్చర్లకూ ఒక ఇబ్బంది ఉంది. నాడీకణాలకు ఎక్కువమంది వాడే బీ27 సప్లిమెంట్‌లో విటమిన్ ఇ వంటి యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి. వెండి చేసే హానిలో ఆక్సీకరణ ఒత్తిడి ఒక ముఖ్యమైన దారి. హానిని కొలవడానికి పెట్టిన మీడియంలోనే విరుగుడు ఉంటే ఫలితం ఎలా నమ్ముతాం? యాంటీఆక్సిడెంట్లు లేని బీ27 విడిగా దొరుకుతుంది, రెండింటితోనూ చేసి చూడాలి.

మెదడుబడి

రైన్_తీరం గారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు, సలహాతో ఉంది. మనిషి పూర్వగామి కణాలు, వాటి వృద్ధికారకాలు, పూతలు, నెలల తరబడి కల్చర్ ఇవన్నీ మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలా ల్యాబుల శక్తికి మించినవి. మూడో సంవత్సరంలో ఉన్న విద్యార్థినిని ఇప్పుడు ఆ దారి పట్టమంటే పీహెచ్‌డీయే ఆగిపోతుంది. పీసీ12కు ఒక బలం ఉంది. ఎన్‌జీఎఫ్ ఇచ్చాక కణాలన్నీ దాదాపు ఒకే క్రమంలో విభజన మాని మారడం మొదలుపెడతాయి కాబట్టి, ఏ దశలో దెబ్బ తగిలిందో స్పష్టంగా చూడవచ్చు. మనిషి కణాల మిశ్రమంలో ఆ స్పష్టత కష్టం. ఆమె చేయవలసింది కణాలను మార్చడం కాదు, అడిగే ప్రశ్నను మార్చడం. తర్వాత అవకాశం దొరికితే ఎలుక పిండపు కార్టెక్స్ (మెదడు పై పొర) కణాలతో ఒక నిర్ధారణ ప్రయోగం చేస్తే చాలు.

ఆ మిశ్రమ కల్చర్లలో ఆస్ట్రోసైట్లను (గ్లియా కణాల్లో ఒక రకం) మరిచిపోవద్దు. బ్రెమెన్ విశ్వవిద్యాలయం వారు వెండి రేణువులను కేవలం ఆస్ట్రోసైట్లకు ఇస్తే అవి చాలా వెండిని లోపలికి తీసుకున్నా వెంటనే చనిపోలేదు, లోహాన్ని పట్టి ఉంచే మెటలోథయోనిన్ అనే ప్రోటీన్‌ను పెంచుకున్నాయి. పక్కన ఆస్ట్రోసైట్లు ఉన్న నాడీకణం, ఒంటరి నాడీకణం ఒకే మోతాదును ఒకేలా చవిచూడవు.

రైన్_తీరం

ల్యాబు పరిమితుల గురించి మీరన్నది ఒప్పుకుంటాను, నేను ఉన్నచోటి నుంచి మాట్లాడాను. అయితే ఒక షరతు. పీసీ12తో చేసిన పనికి "మనిషి మెదడు ఎదుగుదలకు సురక్షితం" అనే ముగింపు రాయకూడదు. హాని కనిపిస్తే హెచ్చరికగా రాయవచ్చు. కనిపించకపోతే ఫలానా మోతాదులో, ఫలానా కొలతల్లో కనిపించలేదని మాత్రమే రాయాలి.

మోతాదు ఎంత ఉండాలన్నది కూడా ఆలోచించండి. వెస్ట్ వర్జీనియాలోని మార్షల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ఎదిగిన ఎలుకల నాడీ మూలకణాల మీద, కణాలు చావని మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము మోతాదులోనే, కణం లోపలి యాక్టిన్ తంతువులు చెదిరి ముద్దలు కట్టడం, కొమ్మల కదలిక దెబ్బతినడం చూశారు. మీరు పెట్టిన 10 మైక్రోగ్రాముల నుంచి పైకి కాదు, కిందికి వెళ్లాలి. ఒక్కసారి 24 గంటలు కాకుండా, మారే వారం రోజులూ మీడియం మార్చిన ప్రతిసారీ తక్కువ మోతాదు ఇచ్చే పద్ధతి కూడా పెట్టండి. నెదర్లాండ్స్ నుంచి 2012లో వెలువడిన అధ్యయనంలో ఎలుకలకు 28 రోజులు నోటి ద్వారా వెండి ఇచ్చి ఆపేశారు. ఎనిమిది వారాల తర్వాత చూస్తే మిగతా అవయవాల నుంచి చాలావరకు పోయిన వెండి, మెదడులోనూ వృషణాల్లోనూ మిగిలే ఉంది. చేరేది కొంచెమే అయినా పోకుండా ఉండిపోయే చోట ఒక్కరోజు పరీక్ష చాలదు.

లోహరేణువు

ఆ అధ్యయనంలోనే నన్ను ఆపి ఆలోచింపజేసిన అంశం మరొకటి ఉంది. సిల్వర్ నైట్రేట్ మాత్రమే ఇచ్చిన ఎలుకల శరీరంలో కూడా వెండి నానో రేణువులు కనిపించాయి. రేణువు కరిగి అయాన్ అవుతుంది, అయాన్ మళ్లీ రేణువుగా ఏర్పడుతుంది. "అయాన్ వల్లనా, రేణువు వల్లనా" అనే ప్రశ్నను ఒక గీత గీసి రెండుగా విడదీయడం నేను మొదట చెప్పినంత తేలిక కాదు. అయినా కంట్రోల్ లేకుండా చేయడం కంటే ఉండడం ఎంతో మేలు.

విశాఖ_పరిశోధక

మూడు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను. మొదట చేసిన పని చాలా చిన్నది. కణాలు లేని వెల్స్‌లో మీడియం, రేణువులు, ఎంటీటీ మాత్రమే వేసి 570 నానోమీటర్ల వద్ద రీడింగ్ తీశాను. ఎక్కువ గాఢతల వద్ద కణాలు లేకుండానే రీడింగ్ వచ్చింది. విడి వెండి రేణువులు 400 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటాయని చదివి, 570 వద్ద ఇబ్బంది ఉండదని ఊహించుకున్నాను. మీడియంలో డీఎల్‌ఎస్ చేయిస్తే రేణువులు బాగా ఉండకట్టినట్టు తెలిసింది. ఉండకట్టాక ఆ శోషణం పొడవైన తరంగాల వైపు విస్తరిస్తుందని అప్పుడు అర్థమైంది. అంటే నా మొదటి పోస్టులోని "తగ్గుదల లేదు" అన్న మాటలో కొంత భాగం వెండి రంగే. ఆ ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. దెబ్బతిన్న కణాల నుంచి కారే ఎంజైమ్‌ను కొలిచే ఎల్‌డీహెచ్ పరీక్షకు మారదామనుకుంటే, వెండి ఆ ఎంజైమ్‌నే పనిచేయకుండా చేసి హానిని తక్కువగా చూపిస్తుందని చదివాను. అందుకని కేంద్రకాలకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో కణాలను లెక్కపెడుతున్నాను.

ఈ చర్చ మొత్తం అచ్చు తీసి మా గైడ్ గారికి చూపించాను. ఆయన ఓపిగ్గా చదివి, "సురక్షితం" అన్న మాటను తీసేద్దామన్నారు. ఇకపై పీవీపీ పూత రేణువులు, సిట్రేట్ రేణువులు, సిల్వర్ నైట్రేట్, వెండి లేని సిలికా రేణువులు, ఎదుగుదలను దెబ్బతీస్తుందని ఇప్పటికే తెలిసిన మిథైల్ మెర్క్యురీ, ఈ ఐదింటినీ 1 శాతం సీరమ్‌లో, ఎన్‌జీఎఫ్‌తోనూ లేకుండానూ పెడుతున్నాము. కొమ్మల పొడవు, కొమ్మలున్న కణాల శాతం, డీఎన్‌ఏ తయారీ కొలుస్తాను. రసాయన సంకేతాల ఎంజైములు రెండో విడతలో చూస్తాను. ఒక్క ప్రశ్న మిగిలింది. కరిగిన వెండిని వేరుచేయడానికి మా ల్యాబులో 3 కిలోడాల్టన్ల సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్లు ఉన్నాయి. కిందికి దిగిన ద్రవాన్ని లోహం ఎంతుందో కొలిచే ఐసీపీ-ఎంఎస్‌కు పంపితే సరిపోతుందా?

లోహరేణువు

నేరుగా పంపితే తక్కువ చూపిస్తుంది, దానికి రెండు కారణాలు. వెండి అయాన్లు ఫిల్టర్ పొరకే అంటుకుంటాయి. తెలిసిన గాఢతలో సిల్వర్ నైట్రేట్‌ను అదే ఫిల్టర్ గుండా పంపి ఎంత శాతం కిందికి వస్తోందో ముందు చూడండి, ఆ శాతం రాయకుండా ఫలితం రాయవద్దు. రెండోది, మీ మీడియంలో సీరమ్ 1 శాతమే అయినా ప్రోటీన్లకు అంటుకున్న వెండి ఆ ఫిల్టర్‌లో పైనే ఉండిపోతుంది, అది కూడా కరిగిన వెండే. అందుకని అదే నమూనాలో మరో భాగాన్ని అల్ట్రా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, రేణువులను అడుగుకు దింపి, పై ద్రవంలోని వెండిని కూడా కొలవండి. రెండు సంఖ్యల మధ్య తేడా దాదాపుగా ప్రోటీన్లు పట్టి ఉంచిన వెండి. సిల్వర్ నైట్రేట్ కంట్రోల్ గాఢతను రెండో సంఖ్యకు సమానంగా పెట్టండి. నమూనాలను గాజు సీసాల్లో నిల్వ ఉంచవద్దు, గోడలకు వెండి పడుతుంది. ప్లాస్టిక్ గొట్టాల్లో నైట్రిక్ ఆమ్లం కలిపి పంపండి.